హెల్త్, ఇల్‌నెస్ మోడల్స్ ఎగ్జామ్ కోసమేనా, వార్డులో నిజంగా పనికొస్తాయా?

ఫస్టియర్ నర్సింగ్‌లో ఈ మోడల్స్, అంటే ఆరోగ్యం, జబ్బు అంటే ఏంటో వివరించే సిద్ధాంతాలు, అన్నీ బట్టీ కొడుతున్నాను, డ్యూటీకి వెళ్ళాక వీటితో పనుంటుందా అని అడిగారు కదా. పేర్లతో పనుండదండీ, డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లని అప్పజెప్పే హ్యాండోవర్‌లో, ఈ మోడల్స్ రాసిన పెండర్ ఏమన్నారు, డన్ ఏమన్నారు అని ఎవరూ అడగరు. కానీ పేషెంట్‌ని ఏం అడగాలో మాత్రం నాకు నేర్పింది అవే, అది కూడా ఒకసారి బాగా తప్పు చేశాక.

నేనూ బట్టీ బ్యాచే. 1948 నాటి డబ్ల్యూహెచ్‌ఓ డెఫినిషన్ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని, జబ్బు లేకపోవడం ఒక్కటే ఆరోగ్యం కాదు, శారీరకంగా మానసికంగా సామాజికంగా సంపూర్ణంగా బాగుండడం అని. ఆ 'సంపూర్ణంగా' అన్న మాట పట్టుకుంటే నైట్ డ్యూటీ చేసేవాళ్ళలో ఒక్కరం కూడా ఆరోగ్యవంతులం కాము, అది వేరే విషయం.

ఇక ఆ తప్పు సంగతి. కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దావిడ షుగర్ కంట్రోల్ లేక మళ్ళీ మళ్ళీ అడ్మిట్ అయ్యేది, ఇన్సులిన్ సరిగ్గా చేసుకోవట్లేదని ఫైల్‌లో రాసేసి వదిలేసేవాళ్ళం. నేను వెళ్ళి కిడ్నీలు పోతాయి, కళ్ళు పోతాయి, కాలు తీసేస్తారు అని ఓ అరగంట క్లాసు పీకాను, ఆవిడ అన్నిటికీ తలూపింది, మూడు వారాలకి మళ్ళీ అదే బెడ్ మీద ఉంది. ఈసారి మా సీనియర్ సిస్టర్ ఏమీ చెప్పకుండా ఖాళీ సిరంజి ఆవిడ చేతికిచ్చి 'ఇంట్లో ఎలా చేసుకుంటావో చూపించమ్మా' అన్నారు. ఆవిడ సిరంజిని కిటికీ వెలుతురుకి ఎత్తి, దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టి, కాసేపటికి 'సిస్టరమ్మా, ఈ గీతలు నాకు ఆనవు, అందాజాగా లాగేస్తుంటా, భయమేసిన రోజు మానేస్తా' అంది. కళ్ళు పోతాయని నేను బెదిరించింది అప్పటికే చూపు మందగించిన మనిషిని!

హెల్త్ బిలీఫ్ మోడల్ అప్పుడు బుర్రకెక్కింది నాకు. 1950ల్లో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్‌లో పనిచేసే సైకాలజిస్టులు, హాచ్‌బామ్, రోజెన్‌స్టాక్ వాళ్ళు, టీబీకి ఛాతీ ఎక్స్‌రే ఫ్రీగా తీస్తామన్నా జనం ఎందుకు రావట్లేదు అని తల పట్టుకున్న దగ్గర మొదలైంది అది. నాకు ఇది వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, చెప్పినట్టు చేస్తే లాభమేంటి, చేయడానికి అడ్డేంటి అని మనిషి లోపల లెక్క వేసుకుంటాడు, నేను చేయగలనా అన్న నమ్మకాన్ని తర్వాత 1988లో కలిపారు. నేను అరగంటసేపు ప్రమాదం ఒక్కటే వాయించాను, ఆవిడ ఆగిపోయింది అడ్డం దగ్గర. సిరంజికి తగిలించుకునే చిన్న భూతద్దం ఒకటి దొరుకుతుంది, అది ఇచ్చి నాలుగుసార్లు ఎదురుగా చేయించాం.

ఇంకోటుంది. డిసీజ్, ఇల్‌నెస్ ఒకటి కాదని చదివే ఉంటారు. డిసీజ్ రిపోర్టులో కనపడేది, ఇల్‌నెస్ ఆ మనిషి అనుభవించేది. 1978లో క్లైన్‌మన్ అనే సైకియాట్రిస్టు వాళ్ళు రాసిన పేపర్‌లో పేషెంట్‌ని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, ఇది మీకెందుకొచ్చింది అనుకుంటున్నారు, దీని గురించి మీకు అన్నిటికన్నా భయమేంటి, ఇలా. ఆ పెద్దావిడని అడిగితే వాళ్ళక్కకి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదికే కాలు తీసేశారట, కాబట్టి ఆవిడ లెక్కలో కాలు తీసింది ఇన్సులినే. ఇది ఏ ల్యాబ్ రిపోర్టులో వస్తుంది చెప్పండి?

మిగతావాటిలో ట్రావిస్ అనే డాక్టరు 1972లో గీసిన ఇల్‌నెస్-వెల్‌నెస్ గీత నాకిష్టం, ఒక వైపు జబ్బు, ఇంకో వైపు ఆరోగ్యం ఉంటాయి, గీత మీద ఎక్కడున్నావన్నది కాదు, ఏ వైపు తిరిగున్నావన్నదే ముఖ్యం అంటుంది, పక్షవాతం వచ్చి కూడా రోజుకి పది అడుగులు ఎక్కువ వేసేవాళ్ళని చూస్తే అర్థమవుతుంది. డన్ గ్రిడ్ అయితే మనిషితోపాటు చుట్టూ ఉన్న పరిస్థితినీ లెక్కలోకి తీసుకుంటుంది, డిశ్చార్జ్ ప్లాన్ రాసేటప్పుడు అదే గుర్తొస్తుంది, ఇక్కడ బాగానే ఉన్న మనిషి ఏ ఇంటికి తిరిగి వెళ్తున్నాడు అని. జబ్బుపడ్డ మనిషి దాటే దశలని సచ్‌మన్ చెప్పిన ఐదు స్టేజీలు మాత్రం ఎగ్జామ్‌కి రాసేయండి, చివర కోలుకోవడం ఉంటుంది అందులో, షుగర్, బీపీ వాళ్ళకి ఆ చివరి మెట్టు ఎక్కడిది?

ఇప్పుడు నేను అడ్మిషన్ రాసేటప్పుడు ఇన్సులిన్ వాళ్ళెవరైనా సరే ముందు ఖాళీ సిరంజి చేతికిస్తాను, క్లాసు తర్వాత.