సమాధానం: ప్రవాహ వేగం 4.9 ఎందుకు వస్తోందంటే

రాడార్‌తో సముద్ర ప్రవాహ వేగం కొలుస్తుంటే సెకనుకి 4.9 మీటర్లు వస్తోంది, కోడ్‌లో తప్పుందా అని అడిగారు. మీ కోడ్‌లో తప్పేం లేదండీ. 12 మెగాహెర్ట్జ్ రాడార్, డాప్లర్ శిఖరం (నీటి కదలిక వల్ల తిరిగొచ్చే సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు, అది బలంగా కనిపించే చోటు) 0.393 హెర్ట్జ్ దగ్గర, దాన్ని సగం తరంగదైర్ఘ్యంతో గుణిస్తే సెకనుకి 4.9 మీటర్లు వచ్చిందన్నారు. గుణకారం కరెక్టే. కాకపోతే అది ప్రవాహం ఒక్కదాని వేగం కాదు, అల వేగం కూడా కలిసిన మొత్తం.

మీ రాడార్ తరంగదైర్ఘ్యం 25 మీటర్లు కదా. అందులో సరిగ్గా సగం, అంటే 12.5 మీటర్ల పొడవున్న అలలే సిగ్నల్‌ని గట్టిగా వెనక్కి పంపుతాయి. 1955లో క్రోంబీ అనే పరిశోధకుడు చెప్పింది ఇదే. ప్రవాహం సున్నా అయినా ఆ అలలు పరిగెడుతూనే ఉంటాయి. గురుత్వ త్వరణాన్ని అల పొడవుతో గుణించి, 2πతో భాగించి, వర్గమూలం తీయండి: సెకనుకి 4.42 మీటర్లు. అదీ అల వేగం. దాని వల్ల వచ్చే డాప్లర్ మార్పు 0.353 హెర్ట్జ్. మీ శిఖరంలోంచి ఇది తీసేస్తే మిగిలేది 0.04. 12.5తో గుణిస్తే సెకనుకి అర మీటరు. అదీ అసలు ప్రవాహం, రాడార్ వైపుకి.

నమ్మకం కుదరకపోతే ఫ్రీక్వెన్సీ రుణ వైపు చూడండి, రాడార్ నుంచి దూరంగా వెళ్లే అలల వల్ల వచ్చే రెండో శిఖరం −0.313 దగ్గర ఉండాలి (−0.353కి అదే 0.04 కలిపితే). నేనూ ఒకప్పుడు ఆ వైపు చూడకుండానే రెండు రోజులు తల పట్టుకున్నాను!

ఇంకోటి, మీరు 128 సెకన్ల డేటాకే ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) చేస్తున్నారు. దాంతో సెకనుకి 10 సెంటీమీటర్ల కంటే చిన్న తేడాలు తెలియవు. 512 సెకన్లు తీసుకుంటే 2.5 సెంటీమీటర్ల దాకా వస్తుంది. దిశ కూడా కావాలంటే మాత్రం ఒక్క రాడార్‌తో పని కాదు, వేరే చోటి నుంచి రెండోది చూడాల్సిందే.