అద్దె ఇంట్లో చలికాలం: కొత్తగా వచ్చినవాళ్లకి ఒక అక్క మాట

"అక్కా, అక్టోబర్‌లో వచ్చాం. గ్యాస్, కరెంటుకి నెలకి 140 పౌండ్లు కడుతూనే ఉన్నాం. ఇప్పుడేమో ఇంకో 300 బాకీ అని మెయిల్ పంపారు. చిన్న పాప ఉంది, హీటింగ్ ఆపలేం. ఓనర్‌ని అడిగితే నాకు సంబంధం లేదంటాడు. ఏం చేయమంటారు?"

లెస్టర్‌లో మా వీధికి రెండు వీధులవతల దిగిన అమ్మాయి అడిగింది. వెళ్లి ఆ ఇల్లు చూసొచ్చాను. ఏటా చలికాలంలో ఇలాంటి ఫోన్లు నాలుగైదు వస్తాయి కాబట్టి, తనకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో అద్దెకుండేవాళ్లకి పనికొస్తాయి.

ముందు ఆ 300 సంగతి. బ్యాంకులోంచి నెలనెలా వెళ్లే డైరెక్ట్ డెబిట్ అంటే ఆ నెల వాడకానికి కట్టే డబ్బు కాదు. ఏడాది మొత్తం ఎంతవుతుందో లెక్కేసి పన్నెండు భాగాలు చేస్తారు. వేసవిలో మన ఖాతాలో కొంత మిగులుతుంది, చలికాలంలో అది ఖర్చవుతుంది. అక్టోబర్‌లో దిగినవాళ్లకి ఆ వేసవి మిగులు ఉండదు. అందుకే జనవరి వచ్చేసరికి బాకీ తేలుతుంది. అది మీరు చేసిన తప్పేమీ కాదు, కంగారు పడొద్దు. ఒకేసారి కట్టలేకపోతే సప్లయర్‌కి, అంటే గ్యాస్, కరెంటు అమ్మే కంపెనీకి ఫోన్ చేసి వాయిదాలు అడగండి. మీరు కట్టగలిగేలా ఏర్పాటు చేయడం వాళ్ల బాధ్యత.

కానీ ఆ బాకీ నిజమైనదేనా అన్నది ముందు చూడాలి. ఆ అమ్మాయి బిల్లులో రీడింగ్ పక్కన "అంచనా" అని ఉంది. మెట్ల కింద అరలో, షూ రాక్ వెనకాల ఉంది మీటరు. ఫోన్ లైటు వేసి చూస్తే బిల్లులో ఉన్నదానికీ మీటరు చూపిస్తున్నదానికీ పొంతనే లేదు. ఇంట్లో దిగిన రోజు ఫొటో తీసుకోలేదట. అద్దె ఒప్పందంతో వచ్చిన ఇన్వెంటరీ (ఇంట్లో ఏమేం ఉన్నాయో రాసిన జాబితా) తెరిస్తే, అదృష్టం కొద్దీ ఏజెంట్ తీసిన మీటరు ఫొటో దొరికింది. అది పంపితే బిల్లు మళ్లీ వేస్తామన్నారు. తాళాలు చేతికొచ్చిన రోజే, పెట్టెలు విప్పకముందే, గ్యాస్ మీటరూ కరెంటు మీటరూ ఫొటో తీసి సప్లయర్‌కి పంపండి. గ్యాస్ మీటరు మీద ఘనపు మీటర్లని ఉందా, ఘనపుటడుగులని ఉందా కూడా ఫొటోలో పడాలి. పాత మీటర్లు వంద ఘనపుటడుగుల లెక్కలో తిరుగుతాయి. కొత్త మీటరుని పాతదనుకుని లెక్కేస్తే బిల్లు దాదాపు మూడింతలవుతుంది.

ముందే డబ్బు వేసుకుని వాడుకునే ప్రీపేమెంట్ మీటరున్న ఇల్లయితే ఇంకా జాగ్రత్త. 2009లో నేను దిగిన ఇంట్లో డ్రాయర్‌లో ఒక తాళంలాంటి కీ ఉంది. దాన్నే మూలనున్న షాపుకి పట్టుకెళ్లి పది పౌండ్లు వేయించేదాన్ని. ఇంటికొచ్చి చూస్తే అంత కనపడేది కాదు. ఐదారు వారాలు చలికి వణుకుతూ పొదుపు చేశాక తెలిసింది, ముందున్నవాళ్ల అప్పు నా డబ్బులోంచి కోస్తున్నారని. ఇంట్లో దొరికిన కీ గానీ కార్డు గానీ వాడకండి. సప్లయర్‌కి మీ పేరు, దిగిన తేదీ చెప్పి కొత్తది తెప్పించుకున్నాకే డబ్బు వేయండి.

మన ఊళ్లో కరెంటు బిల్లుకి శ్లాబులుంటాయి, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. ఇక్కడ మామూలు టారిఫ్‌లో ఎంత వాడినా యూనిట్‌ది ఒకటే రేటు. పైగా ఏమీ వాడకపోయినా రోజువారీ స్టాండింగ్ చార్జ్ పడుతుంది. 2025లో కరెంటుకీ గ్యాస్‌కీ కలిపి అది సగటున రోజుకి 80 నుంచి 95 పెన్నీలు. ఇంధన కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ మూడు నెలలకోసారి ప్రకటించే ప్రైస్ క్యాప్‌ని (రేటుకి పైపరిమితి) చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 2025 అక్టోబర్ నుంచి అమలైన క్యాప్‌కి చెప్పిన 1,755 పౌండ్లు మామూలు కుటుంబం ఏడాది ఖర్చు అంచనా. అంతకు మించి బిల్లు రాదని కాదు. పరిమితి ఉన్నది రేటుకే, వాడకానికి కాదు.

అసలు డబ్బు పోతున్నది "ఒక్క హీటరే కదా" అని విడిగా పెట్టుకునే కరెంటు హీటర్ దగ్గరే. 2025లో కరెంటు యూనిట్ 25–27 పెన్నీలుంటే గ్యాస్ యూనిట్ 6–7. ఆ అమ్మాయి గ్యాస్ మిగులుతుందని, రేడియేటర్లకి నీళ్లు వేడిచేసే గ్యాస్ బాయిలర్ ఆపేసి, పాప గదిలో రెండు కిలోవాట్ల ఆయిల్ హీటర్ పెట్టింది. అది రాత్రి ఎనిమిది గంటలు ఆగకుండా నడిస్తే 16 యూనిట్లు, అంటే ఒక్క రాత్రికి నాలుగు పౌండ్లు. పొదుపనుకున్నదే తడిసి మోపెడయింది. బాయిలరే వేసి, వాడని గదుల్లో రేడియేటర్ పక్కనుండే అంకెల వాల్వ్ తగ్గించి, పాప గదిలో మాత్రం ఉంచితే ఇంతకంటే చాలా చవక.

తర్వాత బాయిలర్ ముందు నిలబడ్డాం. కాంబీ బాయిలర్‌కి (ట్యాంకు లేకుండా కుళాయి నీళ్లు అప్పటికప్పుడు వేడిచేసేది) సాధారణంగా రెండు సెట్టింగులుంటాయి, ఒకటి కుళాయి బొమ్మది, ఇంకోటి రేడియేటర్ బొమ్మది. రేడియేటర్‌ది 75 మీద ఉంది. దాన్ని 60కి తెచ్చాం. గోడ మీది థర్మోస్టాట్ 20 అలాగే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. ఇప్పటి బాయిలర్లు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీల లోపుంటేనే అది బాగా జరుగుతుంది. గది వెచ్చబడటానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది కాబట్టి అరగంట ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెట్టుకోండి. మరీ గడ్డకట్టే చలి వారంలో మళ్లీ పెంచుకోవచ్చు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: అల్మారాలో వేడినీళ్ల ట్యాంకున్న ఇంట్లో ఇది చేయొద్దు. ట్యాంకులో నీళ్లు 60 డిగ్రీలకి చేరకపోతే జబ్బు తెచ్చే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరగొచ్చు. బాయిలర్ మూత తీయడం మన పని కాదు. గ్యాస్ సేఫ్ ఇంజనీర్‌తో (గ్యాస్ పని చేయడానికి నమోదైనవాళ్లు) ఏటా తనిఖీ చేయించడం, హీటింగ్ పాడైతే బాగుచేయించడం ఓనర్ చట్టపరమైన బాధ్యత. "నాకు సంబంధం లేదు" అన్నా సరే, ఈమెయిల్‌లో రాసి అడగండి.

గోడకి తెల్లటి పెట్టె, తాడు లాగితే ఆన్ అయ్యే షవర్ ఉందా? అది కరెంటు షవర్. తొమ్మిది కిలోవాట్లదైతే పది నిమిషాల స్నానానికి ఒకటిన్నర యూనిట్. గ్యాస్ వేడినీళ్లు కుళాయిలో వస్తుంటే బకెట్టూ చెంబూ పెట్టుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ అంతే.

మన వంటల ఆవిరి ఈ మూసి ఉన్న ఇళ్లలో గోడలకి పడుతుంది. ఇడ్లీ కుక్కర్ పెట్టినప్పుడు వంటగది తలుపు మూసి ఫ్యాన్ వేయండి. తడి బట్టలు రేడియేటర్ మీద పరిస్తే గదికి వేడి రాదు, కిటికీ మూలల్లో బూజొస్తుంది. స్టాండు మీద వేసి, ఆ గదిలో గాలిలోని తేమ లాగే డీహ్యూమిడిఫయర్ పెట్టడం మేలు, చిన్నవి 200 వాట్లే తీసుకుంటాయి. తలుపు కింద సందుకి పాత దుప్పటి చుట్టి పెట్టండి. గోడలకుండే గాలి జాలీలు మాత్రం ఎప్పుడూ మూయొద్దు.

బిల్లు మీ పేరు మీద ఉంటే సప్లయర్‌ని మార్చుకునే హక్కు మీదే. ఓనర్ మీటరు నుంచి కరెంటు ఇచ్చి డబ్బు తీసుకుంటుంటే, తను కొన్న రేటు కంటే యూనిట్‌కి ఎక్కువ వేయకూడదు. ఐదేళ్ల లోపు పిల్లలున్నారు కాబట్టి అదనపు సాయం అవసరమైన ఇళ్ల కోసం సప్లయర్ ఉంచే ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్‌లో పేరు రాయించుకోమని ఆ అమ్మాయికి చెప్పాను, అది ఉచితం. వాట్సాప్‌లో తిరిగే 150 పౌండ్ల వార్మ్ హోమ్ డిస్కౌంట్ కోసం మాత్రం తొందరపడొద్దు. అది యూనివర్సల్ క్రెడిట్ లాంటి బెనిఫిట్ తీసుకునేవాళ్ల కోసం. "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదు) అని వీసాలో ఉండగా ఆ బెనిఫిట్‌కి అప్లై చేస్తే వీసాకే ముప్పు.

ఇంకో ఇల్లు వెతికేటప్పుడు ఈపీసీ చూడండి. అది ఇంటికి ఇంధనం ఎంత పొదుపుగా సరిపోతుందో ఏ నుంచి జీ వరకు అక్షరంతో చెప్పే సర్టిఫికెట్, ప్రభుత్వ సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే ఉచితంగా వస్తుంది. మినహాయింపు నమోదు చేసుకోని ఎఫ్, జీ ఇళ్లు అద్దెకివ్వడం చట్టవిరుద్ధం. అక్షరంతో ఆగకుండా కిందికి చదివితే గోడలకి ఇన్సులేషన్ ఉందా, హీటింగ్ గ్యాసా కరెంటా అన్నీ ఉంటాయి. పాత ఇల్లు వదిలేరోజు మళ్లీ మీటరు ఫొటో తీసి, కొత్త అడ్రసుతో సహా పంపండి. ఖాతాలో మీ డబ్బు మిగిలుంటే అడిగి వెనక్కి తీసుకోండి.