ఆల్కహాల్‌తో ప్లాస్టిక్... మధ్యలో ఆ చిల్లుల రాయి ఏంటి?

ప్రశ్న: చెరుకు నుంచి తీసిన ఆల్కహాల్‌తో ప్లాస్టిక్ చేస్తారని మా అబ్బాయి అంటున్నాడు, మధ్యలో ఏదో చిల్లుల రాయి మీదుగా పంపిస్తారట. అంటిస్తే మండిపోయే ఆల్కహాల్ ప్లాస్టిక్ ఎలా అవుతుందండీ? ఆ చిల్లులు మూసుకుపోవా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండి. కాకపోతే నేరుగా ప్లాస్టిక్ అవదు, ముందు ఇథిలీన్ అనే గ్యాస్ అవుతుంది, దాన్ని గొలుసులా కలిపితే పాలిథీన్. ఆ చెరుకు ఆల్కహాల్ పేరే ఇథనాల్, దాని అణువులోంచి ఒక నీటి అణువుని లాగేస్తే మిగిలేదే ఇథిలీన్. లోపలికి గాలి పోనివ్వకుండా ఆవిరి చేసి పంపుతారు కాబట్టి మండే గొడవ లేదు.

నీటిని లాగే పని ఆ చిల్లుల రాయిది, పేరు జియోలైట్. బాగా వాడే రకం జడ్‌ఎస్‌ఎం-5, దాని చిల్లు దాదాపు 0.55 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో సుమారు లక్షో వంతు! లోపల సిలికాన్ ఉండాల్సిన చోట అక్కడక్కడా అల్యూమినియం కూర్చుంటుంది, అలాంటి ప్రతి చోటా ఒక ప్రోటాన్ వేలాడుతూ యాసిడ్‌లా పనిచేస్తుంది, ఇథనాల్ దాని పక్కకి రాగానే నీళ్లు ఊడిపోతాయి. వేడి కూడా కుదరాలండోయ్, 200 డిగ్రీల దగ్గర ఆపేస్తే రెండు ఇథనాల్ అణువులు కలిసి ఈథర్ ఎక్కువ వస్తుంది, వేడి ఇంకా పెంచితేనే ఇథిలీన్ జోరు. నిజం చెప్పాలంటే పెద్ద ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడేది అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్, దానికీ చిల్లులుంటాయి గానీ ఇంత కొలిచినట్టు ఒకే సైజులో ఉండవు.

బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ కంపెనీ 2010లోనే ఏడాదికి 2 లక్షల టన్నుల ప్లాంట్ పెట్టింది, చెరుకు ఇథనాల్‌తోనే. నన్నడిగితే అసలు చిక్కు లెక్కలో ఉంది, 46 కిలోల ఇథనాల్ పోస్తే ఎంత బాగా చేసినా 28 కిలోల ఇథిలీనే, మిగతా 18 కిలోలు నీళ్లు. కొన్న సరుకులో మూడో వంతు పైనే నీళ్లైపోతుంటే పెట్రోలియం ఇథిలీన్‌తో రేటులో పోటీ పడటం తేలిక కాదు కదా.

ఇక మూసుకుపోవా అన్నారు, భేషైన ప్రశ్న, మూసుకుపోతాయండి! పుట్టిన ఇథిలీన్ బయటకి రాకుండా లోపలే ఒకదానికొకటి అతుక్కుని పెద్ద అణువులై ఇరుక్కుంటుంది, దాన్ని కోక్ అంటారు, తెల్లగా వేసిన జియోలైట్ గుళికలు నల్లగా బయటికొస్తాయి. అప్పుడు వేడి గాలి పంపి ఆ మసిని కాల్చేస్తే మళ్లీ తెల్లబడతాయి, పని మొదలు. కానీ వేడి మీద నీటి ఆవిరి తగిలి తగిలి లోపలి అల్యూమినియం కొంచెం కొంచెంగా ఊడొచ్చేస్తుంది, దాంతో యాసిడ్ పవర్ తగ్గుతుంది, అది ఎంత కాల్చినా తిరిగి రాదు. చివరికి పాతది తీసేసి కొత్తది నింపుకోవాల్సిందే.