పులిపిర్ల తొందర

చిన్నీ,

మాఘంలో పెళ్లి పెట్టుకుని, ముహూర్తానికి పది రోజుల ముందు బుగ్గల మీది నల్ల పులిపిర్లు తీయించుకుంటానన్నావట. మీ అమ్మ ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. తీయించుకోవద్దనను, ముఖం నీది. కానీ పది రోజులేమిటే! చెక్కులు రాలడానికే వారం పైన పడుతుంది. ఆ పచ్చి మీద నలుగు పెట్టి రుద్దకుండా మీ మేనత్తలు ఊరుకుంటారా? మన చామనఛాయ ఒళ్లకి కాల్చినచోట నల్ల మరక పడిందంటే పోవడానికి నెలలు. దసరాలోపే కానిచ్చెయ్.

చర్మం డాక్టరు దగ్గరికే వెళ్లు, పార్లరుకి కాదు. మెడ మీద వేలాడేవి కూడా ఉన్నాయన్నావు కదా, షుగరు ఉన్నవాళ్లకి అవి ఎక్కువ, ఆ పరీక్షా చేయించుకో.

నా దవడ కింద మచ్చ గురించి చిన్నప్పుడు అడిగితే పిల్లి గీరిందన్నాను. అబద్ధం. 1979లో, నాకు 19 ఏళ్లు. నాలుగు రోజుల్లో పెళ్లిచూపులు. సున్నంలో చాకలిసోడా కలిపి పుల్లతో చుక్క పెడితే పులిపిరి రాలిపోతుందని పక్కింటి మామ్మగారు చెప్పింది. ఆవిడ చుక్కే అంది. నేను పావలా కాసంత పూసి, తెల్లార్లూ ఉంచుకున్నా. మండుతుంటే పని చేస్తోందని మురిసిపోయా కూడా. పులిపిరి రాలింది, దాంతోపాటు చర్మమూ ఊడొచ్చింది. పెళ్లిచూపులకి మెడకి గుడ్డ చుట్టుకుని కూర్చుంటే, వచ్చినాయన "గొంతు నొప్పా అండీ" అని అడిగారు. ఆయనే మీ పెదనాన్న. సైన్సు మేష్టారు కదా, పెళ్లయ్యాక అసలు సంగతి చెబితే తల పట్టుకున్నారు. సున్నం, సోడా తడిలో కలిస్తే పుట్టేది కాస్టిక్ సోడాట. సబ్బులు చేసే సరుకు మెడకి పూసుకున్నానన్నమాట! పుండు మానాక అక్కడ కండ కాయలా ఉబ్బింది, కీలాయిడ్ అన్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఇంజెక్షన్లు చేయించుకుంటే కాస్త అణిగింది. మా పెళ్లి ఫోటోలు తీసి చూడు, అన్నిట్లో నేను ఒకవైపుకే తిరిగి ఉంటాను.

ఈ ఉబ్బే గుణం ఇంటి వరసన వస్తుంది. మీ అమ్మకి చెవి కుట్టించినచోట కూడా గడ్డ కట్టింది. డాక్టరుకి ముందు అదే చెప్పు. చెవి వెనకో, జుట్టు అంచునో ఒక్కటి తీసి చూపించమను, నెల ఆగి మిగతావి. మామూలుగా మొద్దుబారే క్రీము రాసి, గంట ఆగి, సన్న కరెంటు సూదితో పైపైన మాడుస్తారు. వేలాడేవైతే కత్తెరతో తుంచేస్తారు. చల్లటి నైట్రోజన్ అంటే మాత్రం ఆలోచించు. మైనస్ 196 డిగ్రీలది, మన రంగు కణాలు ఆ చలికి చచ్చి తెల్ల మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. తర్వాత చెక్కులు గిల్లకు. నీకు గిల్లే అలవాటుంది, నాకు తెలుసు. ఎండకి క్రీము రాసుకో.

పెరుగుతున్నదీ, రంగు మారుతున్నదీ, రక్తం కారేదీ ఏదైనా ఉంటే కాల్చకముందే చూపించు. కాల్చేశాక పరీక్షకి పంపడానికేం మిగలదు.

మీ అమ్మమ్మ బుగ్గల మీదవి నువ్వు ఒళ్లో పడుకుని లెక్కపెట్టేదానివి, పదకొండు దాటితే మళ్లీ మొదటికి. నీ ఎడమ కంటి కిందది సరిగ్గా ఆవిడకున్నచోటే ఉంది. ఉంచుకోమని అనడం లేదు. తీయించేముందు దగ్గర నుంచి ఒక ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ