అమెరికాలో ప్రైమరీలో ఓడిన సిట్టింగ్ సెనేటర్ మళ్లీ గెలవగలరా?

గెలవగలరు, అరుదుగానే అయినా. 2010లో అలాస్కా రాష్ట్రంలో అప్పటి సెనేటర్ లీసా మర్కౌస్కీ గెలిచి చూపించారు. ఆగస్టులో జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఆమె జో మిల్లర్ చేతిలో సుమారు 2,000 ఓట్ల తేడాతో ఓడిపోయారు. మిల్లర్‌కు ‘టీ పార్టీ’ అనే సంప్రదాయవాద వర్గం, అలాస్కా మాజీ గవర్నర్ సారా పాలిన్ అండగా నిలిచారు. ఇక నవంబరు బ్యాలెట్‌లో మర్కౌస్కీ పేరే లేదు.

అక్కడ ‘రైట్-ఇన్’ అని ఒక వెసులుబాటు ఉంది. ఓటరు ఖాళీ గీత మీద అభ్యర్థి పేరు తనే రాసి, పక్కనున్న గుండ్రటి గడి నింపాలి. అసలు టెన్షన్ స్పెల్లింగ్‌తోనే! అందుకే ఆమె బృందం పేరు ముద్రించిన చేతి బ్యాండ్లు పంచింది, టీవీ ప్రకటనల్లో ఒక్కో అక్షరం చదివి నేర్పింది.

అలాస్కా రాజధాని జూనోలో ఆ ఓట్లను చేత్తో లెక్కపెట్టారు. తప్పుగా రాసినవి చెల్లవని మిల్లర్ కోర్టుకెళ్లారు. ఓటరు ఉద్దేశం తెలిస్తే చాలని అలాస్కా సుప్రీంకోర్టు తేల్చింది. నా దృష్టిలో చాలా న్యాయమైన తీర్పు. అక్షరం తప్పినంత మాత్రాన ఓటు పోకూడదు. చివరికి మర్కౌస్కీ ఆధిక్యం 10,000 ఓట్ల పైనే. వివాదంలో ఉన్నవి తీసేసినా ఆమే ముందున్నారు. ఇలా రైట్-ఇన్ ఓట్లతో సెనేట్‌కు గెలవడం 1954లో స్ట్రామ్ థర్మండ్ తర్వాత అదే మొదటిసారి.