టెక్ సందేహాలు: లినక్స్ వేస్తే విండోస్ పోతుందా?

పర్లాకిమిడి నుంచి ఒక డిప్లొమా విద్యార్థి రాశారు: "క్లాసులో లినక్స్ నేర్చుకోమంటున్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, విండోస్ 11. నాన్నగారి కిరాణా కొట్టు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. లినక్స్ వేస్తే విండోస్ పోతుందని సీనియర్ అంటున్నాడు. నిజమేనా? అసలు బూట్‌లోడర్ అంటే ఏమిటి?"

మీ సీనియర్ మాట ఒకప్పుడు చాలావరకు నిజం. పాత కంప్యూటర్లు స్విచ్ వేయగానే హార్డ్‌డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టారును చదివేవి. దాని సైజు 512 బైట్లు, అందులో ప్రోగ్రాముకు దక్కేది 446. ఆ ఇరుకులో ఒక్క బూట్‌లోడరే, అంటే విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామే, పట్టేది. చివర ఎవరు ఇన్‌స్టాల్ అయితే వాళ్ళదే రాజ్యం, ముందున్నది చెరిగిపోయేది. ఈ భయం ఆ రోజుల్లో పుట్టింది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లది యూఈఎఫ్ఐ పద్ధతి. బూట్‌లోడర్ల కోసమే డిస్క్‌లో ఒక చిన్న పార్టిషన్, అంటే విడిగా గీసిన భాగం, ఉంటుంది. విండోస్ మామూలుగా దానికి 100 ఎంబీ కేటాయిస్తుంది. అందులో మైక్రోసాఫ్ట్‌కి ఒక ఫోల్డరు, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుకి ఇంకో ఫోల్డరు. ఒకటి రావడానికి రెండోది చెరగక్కర్లేదు. వాటిలో ముందు దేన్ని లేపాలన్న జాబితా మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది.

నౌపడ జంక్షన్ మీకు తెలుసు కదా. అక్కడికి వచ్చిన బండి మెయిన్ లైన్‌లో సాగాలో, మీ ఊరి మీదుగా గుణుపురం వైపు తిరగాలో తేల్చేది పాయింట్లు. బూట్‌లోడర్ చేసే పని అదే. లినక్స్‌తో వచ్చేదాని పేరు గ్రబ్. ఆన్ చేయగానే ఉబుంటు, విండోస్ అని జాబితా చూపించి కొన్ని సెకన్లు ఆగుతుంది. మీరేమీ నొక్కకపోతే పైనున్నదాన్ని లేపుతుంది. నాన్నగారికి ఆ మెనూ ముందే చూపించండి, లేకపోతే పొద్దున్నే కొట్టు తెరిచే వేళకి ఆయనకి టెన్షన్.

నిజమైన ప్రమాదాలు రెండున్నాయి. మొదటిది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని సమాచారానికి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). కొత్త ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. బూట్ సెట్టింగులు మారితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కీ లేకపోతే ఆ లెక్కలు ఎవరూ తెరవలేరు. మామూలుగా అది మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. మన ఊళ్ళలో చిక్కు ఇక్కడే: కొన్నరోజు షాపులోనే ఎవరో ఒక మెయిల్ ఐడీ తెరిచి సెటప్ చేసి ఇచ్చేస్తారు, దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు వచ్చే ఉత్తరాల్లో నన్ను బాగా బాధపెట్టేవి ఇవే. ఈ రోజే ఆ అకౌంట్‌లోకి లాగిన్ అయి, కీని కాగితం మీద రాసి, ఖాతా పుస్తకంలో పెట్టండి.

రెండోది ఇన్‌స్టాలర్‌లో కనిపించే 'ఎరేజ్ డిస్క్'. దాన్ని నొక్కితే విండోస్, లెక్కలు అన్నీ పోతాయి. మీకు కావలసింది విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్. అది కనిపించకపోయినా, డిస్కే కనిపించకపోయినా అక్కడితో ఆపేయండి. ఊహించి నొక్కవద్దు.

మొదలుపెట్టే ముందు కొట్టు లెక్కల్ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ని 50 జీబీ మేర కుదించి, ఆ చోటు ఖాళీగా వదిలేయండి. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, దాని డ్రైవ్‌ని లినక్స్ నుంచి వాడుకోవడం కష్టమవుతుంది. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్ ముందుకు సాగనివ్వకపోవచ్చు. అప్పుడు విండోస్‌లోనే దాన్ని ఆఫ్ చేసి, డిక్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ప్రోగ్రాముతో ఉబుంటు 24.04 ఎక్కించండి. ఆన్ చేస్తూ చాలా డెల్, లెనోవో మోడళ్ళలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే దేని నుంచి లేవాలో అడిగే బూట్ మెనూ వస్తుంది. ముందు ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. కరెంటు పోయినా మధ్యలో ఆగిపోకుండా బ్యాటరీ నిండుగా ఉండాలి.

గుణుపురం పాఠకుడి ప్రశ్న: "ఉబుంటు వద్దనుకుని విండోస్ నుంచి దాని పార్టిషన్ డిలీట్ చేశాను. ఇప్పుడు నల్ల తెర మీద గ్రబ్ అని మాత్రమే వస్తోంది. విండోస్ పోయినట్టేనా?"

కంగారు పడకండి, మీరు తీసేసింది ఉబుంటు పార్టిషన్ ఒక్కటే అయితే విండోస్ అలాగే ఉంది. పట్టాలు పీకేశారు, పాయింట్లు మాత్రం ఇంకా అటే తిప్పి ఉన్నాయి. మీది యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్ అయితే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి. విండోస్ తెరుచుకున్నాక బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) దాన్నే మొదటి వరుసలోకి మార్చండి. పాత పద్ధతి మెషీన్ అయితే విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో రిపేర్‌లోకి వెళ్ళి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ అన్న కమాండుతో మొదటి సెక్టారును సరిచేయాలి.

రాయగడ నుంచి: "లినక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతోంది. బ్యాటరీ మార్చాలా?"

వద్దు, డబ్బు దండగ. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది మన టైమని విండోస్ అనుకుంటుంది, లినక్స్ అందులో అంతర్జాతీయ సమయం రాస్తుంది. రెండింటికీ తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండుకి సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని చేర్చి కొట్టండి, రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి.

బరంపురం నుంచి ఒక టీచరుగారు: "ఉబుంటులో తెలుగు, ఒడియా రెండూ టైప్ చేసుకోవచ్చా?"

నిక్షేపంగా. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ తెరిచి రెండు భాషలూ చేర్చుకోండి. విండోస్ బొమ్మ ఉన్న కీతో పాటు స్పేస్ నొక్కితే భాష మారుతుంది. రెండింటిలోనూ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతే కాబట్టి ఒకటి వేళ్ళకి అలవాటైతే రెండోది దాదాపు వచ్చినట్టే. 'క' ఏ కీ మీద ఉందో, ఒడియా 'క' కూడా ఆ కీ మీదే.