బ్లీచింగ్ పౌడర్ వేస్తే మా పూల్ ఎర్రబడింది

మీరు అడిగింది ఇది: ఇంటి పూల్‌లో వారం వారం క్లోరిన్ వేస్తున్నా నీళ్ళు పచ్చబడుతున్నాయి, పిల్లల కళ్ళు మండుతున్నాయి, ఇంకా ఎంత క్లోరిన్ వేయాలి అని. నింపేది బోరు నీళ్ళతోనే అని కూడా రాశారు. ఇక ఒక్క చెంచా కూడా వేయకండి. ఆ డబ్బా మూతపెట్టి పక్కన పెట్టండి. మీ రోగం క్లోరిన్‌ది కాదు, బోరుది. నీళ్ళు చూడకుండా ఎలా చెప్తున్నాడీ మనిషి అనుకోవచ్చు. రెండేళ్ళపాటు సరిగ్గా ఇదే తప్పు నేనూ చేశాను.

మాది గుంటూరు, గోరంట్ల వైపు. ఎరువులు, పురుగుమందుల షాపు నడిపినవాణ్ణి. ఎకరానికి ఏ మందు ఎంత కొట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను గానీ, పూల్ సంగతి నాకేం తెలుసు? అది మావాడి సరదా. వాడు అమెరికా నుంచి ఏడాదికి మూడు వారాలు వస్తాడు, మిగతా నలభై తొమ్మిది వారాలు దాని చాకిరీ నాది. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున నాలుగడుగుల లోతు. లెక్కేస్తే దాదాపు 32 వేల లీటర్లు. మా అమ్మ దాన్ని ఇప్పటికీ తొట్టి అనే అంటుంది. "గొడ్లు లేవు గానీ తొట్టి మాత్రం కట్టారు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

శుభ్రం చేయడానికి ఒకతను ఆదివారం ఆదివారం వచ్చేవాడు. అదీ పగలు పదకొండింటికి. రెండు మగ్గుల బ్లీచింగ్ పౌడర్ చల్లి, వల తిప్పి, టీ తాగి వెళ్ళిపోయేవాడు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, నడి ఎండలో క్లోరిన్ చల్లితే ఏం మిగులుతుంది? కాపాడేదేదీ లేకపోతే క్లోరిన్‌ని ఎండ రెండు మూడు గంటల్లో దాదాపు తినేస్తుంది. క్లోరిన్ వేసేది పొద్దు గూకాకే. ఈ ఒక్క ముక్క చెప్పడానికి కూడా నాకు రెండేళ్ళు ఎవరూ దొరకలేదు.

ఇక అసలు కథ. మా తమ్ముడి కూతురి పెళ్ళి. మే నెల. పూల్ ఉంది కదా అని ముందురోజు కార్యక్రమం మా ఇంట్లో పెట్టారు. నలుగు పెట్టి మంగళస్నానం చేయించడం మనకి ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు దానికి హల్దీ అని పేరు, దానికో ఫొటోగ్రాఫరు, అందరికీ పసుపు రంగు బట్టలు. పసుపు మాత్రం కల్తీ లేనిది కావాలని నేనే దుగ్గిరాల నుంచి నాలుగు కిలోలు తెప్పించాను. నా ఖర్మ. పెళ్ళికూతురికి పట్టెడు రాసి, మిగతాదంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పోసుకుని, హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితులు పదిహేను మంది అలాగే పూల్‌లో దూకారు. పసుపుతో పాటు నలుగుపిండి, నువ్వుల నూనె కూడా. సాయంత్రానికి పూల్ పప్పుచారులా తయారైంది. పైన నురగ.

ఏడింటికి అక్కడే పాటలు, లైట్లు. పూల్ మనిషికి ఫోన్ చేస్తే ఎత్తడు. నాకు తెలిసిన మందు ఒక్కటే, బ్లీచింగ్ పౌడర్. సగం బస్తా ఉంటే లుంగీ ఎగ్గట్టి గట్టు చుట్టూ తిరుగుతూ చల్లేశాను. చల్లిన చోటల్లా నీళ్ళు ఎర్రగా తిరిగాయి. చారలు చారలుగా, చిక్కగా, నెత్తురు పారినట్టు. మగ్గు చేతిలోనే ఉండిపోయింది.

సరిగ్గా అప్పుడే మగపెళ్ళివారు విడిదికి వెళ్తూ పలకరించిపోదామని దిగారు. వియ్యపురాలు గట్టు దగ్గరికొచ్చి చూసి, "అన్నయ్యగారూ, ఇక్కడ ఏమైనా కోశారా ఏంటండీ?" అంది. నాకు నోట మాట రాలేదు. మా అమ్మే వెనక కుర్చీలోంచి అందుకుంది: "కోయడమేంటమ్మా. పసుపులో సున్నం పడితే ఎర్రబడదూ? ఎర్రనీళ్ళు అవి. మీ అబ్బాయికి దిష్టి తీయడానికి తొట్టి నిండా కలిపించాను."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. సున్నం! పసుపూ సున్నం కలిస్తే పారాణి అవుతుందని పసిపిల్లలకి కూడా తెలుసు. బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం ఉంటుందని, షాపు నడిపినవాణ్ణి, నాకూ తెలుసు. రెండూ ఒకచోట పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదంతే. పసుపు ఎర్రబడిందంటే అక్కడ క్షారం పెరిగిందని అర్థం. అంటే రెండేళ్ళుగా నేను వారం వారం పూల్‌కి సున్నం పెడుతున్నానన్నమాట.

ఎరుపు కాసేపటికి విరిగిపోయింది, క్లోరిన్ పసుపు రంగుని తినేస్తుంది. తెల్లారేసరికి నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి. మన బోరు నీళ్ళలో ముందే కాల్షియం, క్షారం దండిగా ఉంటాయి. దానికి ఇంకా సున్నం తోడై క్షారం పెరిగితే ఆ కాల్షియం కరిగి ఉండలేక తెల్లగా విరుగుతుంది. మీ ఇంట్లో గీజరు రాడ్డు మీద పేరుకునే తెల్లపొర కూడా అదే.

పెళ్ళయ్యాక చుక్కల టెస్ట్ కిట్ తెప్పించాను. కాగితం పట్టీలు కొనకండి, మన ఎండలకి డబ్బాలోనే పాడైపోతాయి. ఆల్కలినిటీ అంటే యాసిడ్‌ని తట్టుకునే క్షారం నీళ్ళలో ఎంతుందో ఆ లెక్క. ఆ పరీక్షలో నీళ్ళకి పచ్చ రంగు వస్తుంది, చుక్క చుక్క వేస్తుంటే ఒకచోట ఎరుపు తిరుగుతుంది. నా కిట్‌లో చుక్కకి పది లెక్క. ఉండాల్సింది 80 నుంచి 120 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు), అంటే ఎనిమిది నుంచి పన్నెండు చుక్కలు. నేను పన్నెండు వేశాను, ఇరవై వేశాను, సీసా పాడైందేమో అనుకుంటూ ముప్పై దాటాను. ముప్పై ఎనిమిదో చుక్కకి తిరిగింది. పీహెచ్ (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) చూస్తే 8.2.

మీ ప్రశ్నకి జవాబు ఆ అంకెలోనే ఉంది. క్లోరిన్ నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పనిచేసేది, ఒకటి బద్ధకస్తుడు. పీహెచ్ 7.5 దగ్గర సగం సగం. 8.2కి వెళ్తే పనిచేసేది అయిదో వంతు కూడా ఉండదు. మీరు ఎంత పోసినా అయిదుగురు కూలీలకి డబ్బిచ్చి ఒక్కడితో కలుపు తీయించినట్టే. అందుకే పచ్చబడుతుంది. కళ్ళు మండటం, ఆ ఘాటు వాసన కూడా క్లోరిన్ ఎక్కువై కాదు, సరిపోక. చెమట, ఉచ్చ క్లోరిన్‌తో కలిసి పుట్టే క్లోరమైన్ల వాసన అది. పిల్లలు పూల్‌లో పోయరని ఏ తల్లీ నాకు చెప్పొద్దు. తలకి కొబ్బరినూనె రాసుకుని దిగే పెద్దల్ని ఎలాగూ ఏమీ అనలేం.

ఆల్కలినిటీ దించడానికి యాసిడ్ తప్ప దారి లేదు. 30 శాతం పైనున్న హైడ్రోక్లోరిక్ యాసిడ్ లీటరు పోస్తే నా పూల్‌లో పదిహేను పీపీఎం దాకా దిగింది. రోజూ సాయంత్రం ఒక లీటరు, పంపు ఆడుతుండగా. బకెట్ నిండా నీళ్ళు పెట్టుకుని అందులోకి యాసిడ్ పోయాలి, యాసిడ్ మీద నీళ్ళు పోయకూడదు. చేతులకి గ్లోవ్స్, కళ్ళకి అద్దాలు, గాలి మీ వీపు వైపు నుంచి రావాలి. ఆ పూట క్లోరిన్ ముట్టుకోవద్దు, రెండూ కలిస్తే లేచేది విషవాయువు. యాసిడ్‌తో పీహెచ్ మరీ కిందకి పోతే కంగారుపడి సోడా వేయకండి. నీళ్ళు లోపలికొచ్చే పైపు మూతిని పైకి తిప్పండి, చిమ్మనివ్వండి. గోలీసోడా కొట్టినప్పుడు గ్యాస్ పోయినట్టు కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ దానంతటదే లేస్తుంది, ఆల్కలినిటీ మాత్రం లేవదు. మూడు వారాలు, పదిహేడు లీటర్లు పట్టింది నాకు. తర్వాత క్లోరిన్ సగానికి సగం సరిపోయింది.

కాల్షియం మాత్రం ఏ మందుకీ దిగదు, మంచినీళ్ళు కలిపి పలచన చేయాల్సిందే. కొందరు కార్పొరేషన్ కుళాయికి మోటారు పెట్టి కృష్ణ నీళ్ళతో పూల్ నింపుతున్నారు. ఎండాకాలం పక్క వీధిలో ఆడవాళ్ళు ట్యాంకర్ దగ్గర బిందెలతో కొట్టుకుంటుంటే ఆ పని చేయడానికి మనసెలా ఒప్పుతుందో. నేను డాబా మీది వాననీటి గొట్టాన్ని పూల్‌లోకి తిప్పాను. మొదటి వాన వదిలేసి, రెండో వాన నుంచి. 1,500 చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే దాదాపు 1,400 లీటర్లు, కాఠిన్యం లేని నీళ్ళు, ఊరికే.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమని మీకెవరో చెప్పారట. పంట తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమానికని బస్తాలు బస్తాలు అమ్మినవాణ్ణి నేనే చెప్తున్నాను, వేయకండి. మన క్షారపు నీళ్ళలో అది నిలవదు, గోడలకి మరకలై పడుతుంది, జుట్టుకి ఆకుపచ్చ రంగు పడుతుంది. ఇక తేలే డబ్బాలో పెట్టే క్లోరిన్ బిళ్ళలు. వాటిలో సయనూరిక్ యాసిడ్ ఉంటుంది, ఎండ నుంచి క్లోరిన్‌కి గొడుగు పడుతుంది. 30 నుంచి 50 పీపీఎం దాకా మంచిదే. అదే బిళ్ళలు ఏళ్ళ తరబడి వేస్తే అది పేరుకుపోయి క్లోరిన్‌ని కదలనివ్వదు, కొంత నీళ్ళు పారబోయాల్సిందే. బిళ్ళలనీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకే మగ్గులో మాత్రం ఎప్పుడూ వేయకండి. అంటుకుంటుంది, పేలుతుంది కూడా.

నేనిప్పుడు ద్రవ క్లోరిన్ చిన్న క్యాన్లలో తెచ్చుకుని చీకటి పడ్డాక పోస్తున్నాను. షాపు ముందు ఎండలో పెట్టిన క్యాన్ అయితే తీసుకోను, దాన్లో సగం పస పోయి ఉంటుంది. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.6. ఎండాకాలం రోజుకి వేలు మందాన నీళ్ళు ఆవిరైపోతాయి, బోరు నీళ్ళే మళ్ళీ పోస్తాం కాబట్టి వారానికోసారి చుక్కలు లెక్కపెట్టక తప్పదు. ఆదివారం వచ్చే మనిషిని మానిపించాను.

మీ పూల్ పొడవు, వెడల్పు, లోతు రాయండి. బోరు నీళ్ళు నేరుగా పట్టి ఒకసారి, పూల్ నీళ్ళు ఒకసారి పరీక్ష చేసి, ఎన్నో చుక్కకి ఎరుపు తిరిగిందో కూడా రాయండి. యాసిడ్ లెక్క కట్టి చెప్తాను.